కదలని పుట

నా వృత్తి ప్రూఫులు దిద్దడం. రోజులో ఎక్కువ భాగం కంప్యూటర్ తెర ముందే గడుస్తుంది. ఫైలు మెయిల్లో వస్తుంది, తెర మీదే దిద్దుతాను, మళ్లీ మెయిల్లోనే వెళ్తుంది. ఒక్క ఆఖరి ప్రూఫు మాత్రం కాగితం మీద తీయించుకుని చదవందే ఏ పుస్తకాన్నీ అచ్చుకు వదలను. అది పాత అలవాటని, కాగితం దండగని అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు నేను ఎప్పుడూ ఒకే సంగతి చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక నవల ప్రూఫు నా దగ్గరికి వచ్చింది. తెర మీద మూడుసార్లు చదివాను. వత్తులు, దీర్ఘాలు, ఎక్కువైన కామాలు, పేరాల మధ్య ఖాళీలు అన్నీ సరిచేశాను. ఆ తర్వాత రెండేసి పుటలు పక్కపక్కన వచ్చేలా కాగితం మీద తీయించి, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. చివరి అధ్యాయాల్లో ఒక పెద్దావిడ పొరుగూరు వెళ్లిన భర్తకు ఉత్తరం రాస్తుంది. అక్కడ పెన్సిలు ఆగిపోయింది. ఈవిడ భర్త పోయాడు కదా? ఆ మాట ఎక్కడ చదివాను? మొదట్లోనే, ఎడమచేతి వైపు పుటలో, అడుగునుంచి మూడో నాలుగో వరుసలో. కట్టలో సుమారుగా ఆ మందం దగ్గర వేలు పెట్టి తీశాను. రెండు కాగితాలు తిప్పేసరికి కనబడింది. ఎడమ పక్క, అడుగునుంచి నాలుగో వరుస. ఆయన పోయి పదేళ్లయిందని స్పష్టంగా ఉంది.

ఆ తప్పు తెర మీద మూడుసార్లు నా కళ్ల ముందు నుంచే వెళ్లిపోయింది. పరధ్యానంగా చదివానా అంటే, లేదు. తెర మీద ఆ వాక్యానికి ఒక చోటు లేదు. చదివిన ప్రతిసారీ అది వేరే ఎత్తులో ఉంది. పైకి జరిపితే పైన, కిందికి జరిపితే కింద. కాగితం మీద దానికి ఒక ఇల్లు ఉంది. మాట మరుపున పడ్డా, ఆ ఇంటి గుర్తులు మనసులో నిలిచాయి.

అచ్చు పుస్తకం మీద ప్రేమ ఉన్నవాళ్లు ముందుగా వాసన గురించి చెబుతారు. కొత్త పుస్తకం వాసన, పాత పుస్తకం వాసన. నాకూ ఇష్టమే. కానీ ఆ వాసన మీద వాదన కట్టకూడదు. పాత పుస్తకం వాసన అంటే కాగితంలోని సెల్యులోజు, లిగ్నిన్ మెల్లమెల్లగా విరిగిపోతూ గాలిలోకి వదిలే ఆవిరులు. 2009లో శాస్త్రవేత్తలు ఆ ఆవిరులను పరీక్షించి కాగితం ఎంత పాడయిందో చెప్పవచ్చని చూపించారు. మనం ముచ్చటపడే ఆ పరిమళం పుస్తకం చివరి రోజుల కబురు. అట్ట అందం, అలమరలో వరుస, పేజీ తిప్పిన చప్పుడు, ఇవన్నీ బాగుంటాయి. ఇవి మాత్రమే అయితే అచ్చు పుస్తకం ఈపాటికి గ్రామఫోను పక్కన చేరి ఉండేది.

చేరలేదు. 2007 నవంబరులో ఈ-పుస్తకాలు చదివే పరికరం కిండిల్ వచ్చినప్పుడు అచ్చుకు ఇంక పదేళ్లేనని చెప్పినవాళ్లు చాలామంది. ఈ-పుస్తకాల అమ్మకాలు కొన్నేళ్లు ఉరుకులు పెట్టాయి. 2013 ప్రాంతం దాటాక అమెరికాలోని పెద్ద ప్రచురణ సంస్థలకు ఆ ఉరుకు ఆగింది. 2021లో ఆ ఒక్క దేశంలోనే 80 కోట్లకు పైగా అచ్చు ప్రతులు అమ్ముడుపోయాయి. ఇంతమంది కేవలం వాసన కోసం పుస్తకం కొంటున్నారంటే నేను నమ్మను. నా దృష్టిలో కారణం ఒకటే. అచ్చయిన పుట కదలదు. అక్షరం ఉన్నచోటే ఉంటుంది, రేపు చూసినా అదే ఉంటుంది, చూస్తున్నంతసేపు ఇంకేదీ దాని మీదికి వచ్చి పడదు. దాన్ని నా చేతిలోంచి దూరాన కూర్చుని ఎవరూ తీసుకుపోలేరు. మన చుట్టూ అన్నీ కదులుతున్న కాలంలో ఈ కదలకపోవడమే దాని బలం.

ముందు ఆ చోటు సంగతి చూద్దాం, ఎందుకంటే నా పని అంతా దాని మీదే ఆధారపడి ఉంది. 1971లోనే ఎర్న్‌స్ట్ రాత్‌కాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. చదివినవాళ్లకు విషయంతోపాటు అది పుటలో ఏ భాగాన ఉందో కూడా, ఎవరూ గుర్తుపెట్టుకోమని చెప్పకపోయినా, గుర్తుంటోందని తేల్చారు. మనందరికీ అనుభవమే. పరీక్ష హాల్లో జవాబు తట్టకపోయినా అది కుడివైపు పుటలో బొమ్మ కింద ఉందని తెలుస్తూనే ఉంటుంది. 2019లో నార్వే పరిశోధకురాలు ఆన్ మాంగెన్, ఆమె సహచరులు 50 మంది చేత 28 పుటల కథ ఒకటి చదివించారు. సగం మంది కాగితం మీద, సగం మంది కిండిల్‌లో చదివారు. చాలా ప్రశ్నలకు ఇద్దరూ ఒకేలా జవాబులు చెప్పారు. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అన్న వరుస అడిగేసరికి మాత్రం కాగితం మీద చదివినవాళ్లు ముందున్నారు. నాకు ఇది ఆశ్చర్యం కాదు. చదువుతున్నకొద్దీ ఎడమచేతిలో కాగితాల బరువు పెరుగుతుంది, కుడిచేతిలో తగ్గుతుంది. కథలో ఎంత దూరం వచ్చామో వేళ్లకు తెలుస్తూ ఉంటుంది. తెర అడుగున కనిపించే శాతం అంకె ఆ పని చేయలేదు.

మన భాషలోని మాటలే ఈ సంగతి చెబుతున్నాయి. గ్రంథం అంటే కూర్చి కట్టినది. పత్రం అంటే ఆకు. పుట అన్న మాటకు సంస్కృతంలో మడత అని అర్థం. ప్రెస్సులో పనిచేసేవాళ్లకు ఆ అర్థం రోజూ కళ్ల ముందే ఉంటుంది. ఒక పెద్ద కాగితం మీద ఒకవైపు ఎనిమిది, రెండోవైపు ఎనిమిది పుటలు అచ్చు వేసి మూడుసార్లు మడిస్తే పదహారు పుటల ఫారం అవుతుంది. మడవని షీటు చూస్తే ఒకటో పుట పక్కన పదహారోది ఉంటుంది. కొన్ని పుటలు తలకిందులుగా ఉంటాయి. తెలియనివాళ్లకు అంతా గందరగోళం. ఒక మడత, రెండో మడత, మూడో మడత. అంచు కత్తిరించగానే ఒకటి, రెండు, మూడు అని బుద్ధిగా వరుసలో నిలబడతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ క్షణం ఇష్టం. పుస్తకం చివర అప్పుడప్పుడు రెండు మూడు ఖాళీ పుటలు కనబడేది కూడా ఈ మడతల లెక్క వల్లే. రచన 205వ పుటలో అయిపోయినా కాగితం మాత్రం 208 దగ్గరే ముగుస్తుంది.

మనిషి ఈ మడతల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. అంతకుముందు రోము, గ్రీసుల్లో పుస్తకమంటే చుట్ట. ఒకచేత్తో విప్పుతూ ఇంకోచేత్తో చుట్టుకుంటూ చదవాలి. మధ్యలో ఒక వాక్యం కావాలంటే మొదటి నుంచి విప్పుకుంటూ పోవలసిందే. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమను కవి మార్షల్, ప్రయాణాల్లో చేత పట్టుకోవడానికి వీలుగా ఉంటాయని తన కవితల్ని ఆకులుగా కుట్టిన ప్రతుల్లో కొనుక్కోమని పాఠకులకు చెప్పాడు. నాలుగో శతాబ్దానికల్లా ఆ కుట్టిన పుస్తకమే చుట్టను పక్కకు నెట్టింది. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ చేతిలో ఇమిడే చిన్న సైజులో వర్జిల్ కావ్యాలను అచ్చువేశాడు. అన్ని వందల ఏళ్లు కష్టపడి చుట్టలోంచి బయటపడ్డ మనం ఇప్పుడు ఫోనులో మళ్లీ చుట్ట విప్పుతున్నాం. దానికి అడుగు లేదు, అంచు లేదు. వేలు జరుపుతున్నంతసేపూ వస్తూనే ఉంటుంది.

తెర మీద చదవడం నష్టమేనా అని సూటిగా అడిగితే, అన్నిటికీ కాదు అంటాను. 2018లో 2000 నుంచి 2017 వరకు జరిగిన 54 అధ్యయనాలను కలిపి ఒక విశ్లేషణ వెలువడింది. వాటిలో పాల్గొన్నవాళ్లు 1,70,000 మందికి పైనే. విషయం నేర్చుకోవడానికి చదివే పాఠాల్లో, ముఖ్యంగా గడువు తక్కువగా ఉన్నప్పుడు, కాగితానిదే పైచేయి. కథలు, నవలల దగ్గర చెప్పుకోదగ్గ తేడా లేదు. నన్ను కుదిపింది ఇంకో అంశం. తెరల మధ్యే పుట్టి పెరిగినవాళ్లు వచ్చేకొద్దీ ఈ తేడా తగ్గుతుందని అందరూ అనుకున్నారు. ఏళ్లు గడిచేకొద్దీ తగ్గకపోగా పెరిగింది. 2023లో స్వీడన్ ప్రభుత్వం బడులకు మళ్లీ అచ్చు పాఠ్యపుస్తకాలు కొనడానికి ప్రత్యేకంగా నిధులు కేటాయించింది. బడుల్లో తెరలను అందరికంటే ముందు ఉత్సాహంగా తెచ్చుకున్న దేశాల్లో అదొకటి.

తేడా ఎందుకు పెరుగుతోందో నా అనుభవం నుంచి ఒక ఊహ చెప్పగలను. ఫోను మన చేతికి ఒక వేగం నేర్పింది. పైపైన చూసి జరపడం, కావలసింది దొరకగానే వదిలేయడం. అదే వేలు, అదే గాజు, అదే వెలుగు. రోజంతా జరపడానికి వాడిన చేత్తోనే రాత్రి అదే గాజు మీద ఒక గంభీరమైన వ్యాసం తెరిచి, నిలకడగా చదవమంటే అది నిలబడదు. పుస్తకం తెరిస్తే చేతులకు చేయడానికి ఇంకో పని ఉండదు. అందులోంచి ఎక్కడికీ దారి లేదు. ఎవరి సందేశమూ వాక్యం మధ్యలోకి దిగదు. నేను ఏ పుట దగ్గర ఆగానో, ఏ వాక్యం కింద గీత గీశానో, ఎన్ని నిమిషాలు చదివానో అది ఎవరికీ చేరవేయదు. ఈ చివరిది చిన్న సంగతిగా కొట్టివేయకండి. ఒంటరిగా, ఎవరూ చూడకుండా, ఒక ఆలోచనతో ఏకాంతంలో కూర్చోగలగడం మనిషికి మిగిలిన కొద్ది స్వేచ్ఛల్లో ఒకటి.

నేను నాలుగేళ్లు వాడిన ఒక యాప్ ఉండేది. పుస్తకాలు అందులోనే కొని, అందులోనే చదివేవాణ్ని. చదువుతూ గీతలు గీశాను, పక్కన నా మాటలు రాసుకున్నాను. ఒక వ్యాసం కోసం ఆరు నెలలు పోగుచేసిన గమనికలు కూడా అందులోనే ఉన్నాయి. ఒకరోజు తెరిస్తే సేవలు నిలిపివేశామని ఒక వరుస కనబడింది. ముందే మెయిలు పంపారట, పాత అడ్రసుకు. పుస్తకాలు మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ గమనికలు రాసినప్పటి ఆలోచన మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? వారం రోజులు మనసు మనసులో లేదు.

తర్వాత తెలుసుకుంటే ఇది నా ఒక్కడికే జరిగింది కాదు. 2009 జులైలో అమెజాన్ తన పాఠకుల కిండిళ్లలోంచి జార్జ్ ఆర్వెల్ రాసిన రెండు పుస్తకాలను దూరం నుంచే తుడిచేసింది. వాటిని అమ్మకానికి పెట్టిన సంస్థకు ఆ హక్కు లేదన్నది కారణం. డబ్బు వాపసు ఇచ్చారు, తర్వాత క్షమాపణ కూడా చెప్పారు. తుడిచేసిన రెండింటిలో ఒకటి ‘1984’. పాత పత్రికలనూ రికార్డులనూ ప్రభుత్వం మాయం చేసే కథ అది. దానికి నోట్సు రాసుకుంటున్న ఒక విద్యార్థికి, ఏ పుటల గురించి రాశాడో ఆ పుటలే లేకుండా పోయాయి. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు డబ్బు తిరిగి ఇచ్చింది. కొన్న పుస్తకాలు మాత్రం పాఠకుల దగ్గర లేకుండా పోయాయి.

దీని వెనక పాత చట్టం కథ ఒకటి ఉంది. ఒక ప్రచురణ సంస్థ తన నవలలో, దీన్ని ఒక డాలరుకు తక్కువగా అమ్మడానికి ఏ వ్యాపారికీ అనుమతి లేదని, అమ్మితే కాపీరైటు ఉల్లంఘన కింద లెక్కిస్తామని అచ్చువేసింది. ఒక దుకాణం 89 సెంట్లకు అమ్మింది. వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1908లో కోర్టు ఆ షరతు చెల్లదని తీర్పు చెప్పింది. ప్రతిని ఒకసారి అమ్మేశాక దాన్ని కొన్నవాడు ఎంతకు అమ్ముతాడో నిర్ణయించే హక్కు కాపీరైటు ఉన్నవాడికి లేదు. పాత పుస్తకాల దుకాణాలు, అరువు పుస్తకాలు, కానుకలు, ఇవన్నీ ఈ సూత్రం నీడలోనే బతుకుతున్నాయి. 2019 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం ముందుకు వాడిన ఈ-పుస్తకాలను తిరిగి అమ్మే ఒక సంస్థ వ్యవహారం వచ్చింది. అచ్చు పుస్తకానికి వర్తించే ఆ వెసులుబాటు ఈ-పుస్తకానికి వర్తించదని కోర్టు తేల్చింది. అంటే తెర మీద ‘కొనండి’ అని ఉన్న చోట మనకు దొరికేది చాలావరకు చదువుకునే అనుమతి మాత్రమే. పరాయి చేతికి వెళ్లింది పోయినట్టే, పరహస్తగతం గతం అని పెద్దలు పుస్తకాల గురించి కూడా అన్నారు. అరువిచ్చిన పుస్తకం తిరిగి రాదని బాధపడేవాళ్లం. ఇవ్వడానికే వీల్లేని పుస్తకం అంతకంటే పెద్ద బాధ.

డిజిటల్ అంటే శాశ్వతమని ఒక నమ్మకం ఉంది. ఇంగ్లండులో 1086లో రాజు చేయించిన భూముల సర్వే ఒకటి ఉంది, డూమ్స్‌డే గ్రంథం అంటారు. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ కొత్త కాలపు సర్వే ఒకటి చేయించి లేజర్ డిస్కుల మీదికి ఎక్కించింది. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ డిస్కుల్ని చదివే యంత్రాలు అరుదైపోయాయి, నిపుణులు కూర్చుని ఆ సమాచారాన్ని కాపాడవలసి వచ్చింది. 1086 నాటి ప్రతిని మాత్రం ఈనాటికీ తెరిచి చదవవచ్చు. అది తోలు మీద చేతిరాత, అచ్చు కాదు, ఒప్పుకుంటాను. అయితే అచ్చు పుస్తకంలోనూ గుణం అదే. చదవడానికి కళ్లు, వెలుతురు, ఆ భాష చాలు. కాగితమూ చిరంజీవి కాదు. 19వ శతాబ్దం మధ్య నుంచి కలప గుజ్జుతో, పటికతో చేసిన కాగితంలోనే ఆమ్లం ఉండటంతో, ఆ కాలపు పుస్తకాలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. ఆమ్లం లేని కాగితానికి 1994లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. అలాంటి కాగితం వాడమని నేను ప్రతి ప్రచురణకర్తనూ అడుగుతాను. ఒప్పుకునేవాళ్లు తక్కువ.

తెర మేలు తెరకు ఉంది, దాన్ని కాదంటే అబద్ధమవుతుంది. చూపు తగ్గినవాళ్లు అక్షరాన్ని వేలెడంత చేసుకుని చదవగలుగుతున్నారు. అసలు చూపు లేనివాళ్లకు పుస్తకం గొంతు విప్పి చదివి వినిపిస్తోంది. వాళ్లకు అనువైన ప్రతులు దేశాల సరిహద్దులు దాటి అందడం కోసం 2013లో మర్రకేష్ ఒప్పందం కుదిరింది. అచ్చు పుస్తకం ఇన్ని శతాబ్దాలు వాళ్లను బయటే నిలబెట్టిందన్నది నిజం. నిఘంటువుల విషయంలో నేను పూర్తిగా తెర పక్షమే. ఒక మాట కోసం నాలుగు సంపుటాలు దించిన రోజులు నాకు తెలుసు, వాటి మీద నాకు బెంగ లేదు. వెతకడానికి తెర, చదవడానికి కాగితం. నా బల్ల మీద రెండూ ఉన్నాయి.

ఇక మార్జిన్ల సంగతి. పుట చుట్టూ వదిలే ఆ తెల్లటి ఖాళీ చదివేవాడి చోటు. 1637 ప్రాంతంలో గణితజ్ఞుడు పియెర్ ఫెర్మా తన దగ్గరున్న డయొఫాంటస్ గణిత గ్రంథం మార్జిన్‌లో, ఒక సిద్ధాంతానికి అద్భుతమైన నిరూపణ దొరికిందని, అది పట్టడానికి ఈ అంచు చాలదని రాసుకున్నాడు. ఆయన పోయాక 1670లో కొడుకు ఆ మార్జిన్ రాతలతో సహా పుస్తకాన్ని అచ్చువేయించాడు. ఫెర్మా రాసుకున్న ఆ అసలు ప్రతి ఇప్పుడు లేదు. ఆ ఒక్క వాక్యం వెంట గణితజ్ఞులు మూడున్నర శతాబ్దాలు నడిచారు. 1994లో ఆండ్రూ వైల్స్ నిరూపించేదాకా అది ముగియలేదు. ఒకరి ఏకాంతంలో పుట్టిన రాత పుస్తకం అంచును పట్టుకుని ఇన్ని తరాలు దాటింది.

నా దగ్గర అంత గొప్ప మార్జిన్ లేదు గానీ, ఒకటి ఉంది. వాడిన పుస్తకాల్లో దొరికిన ఒక పాత కథల సంపుటి. మొత్తం 208 పుటలు, అంటే పదమూడు ఫారాలు. నాకంటే ముందు దాన్ని చదివినవాళ్లెవరో సన్నటి పెన్సిలుతో అచ్చుతప్పులు దిద్దారు. చదివేవాళ్లు అలవాటుగా పెట్టే టిక్కులు కావు. తప్పక్షరాన్ని నిలువుగా కొట్టి, ఆ వరుసకు ఎదురుగా మార్జిన్‌లో సరైన అక్షరం, పక్కన ఒక గీత. ప్రూఫు దిద్దే పద్ధతి. కొన్నిచోట్ల నేను కూడా వదిలేసి ఉండేవాణ్నేమో అనిపించేంత చిన్న తప్పుల్ని పట్టుకున్నారు. ఆ దిద్దుబాట్లు 96వ పుట దాకా ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు, తప్పులు మాత్రం ఉన్నాయి. 96 అంటే సరిగ్గా ఆరు ఫారాలు. మా పనిలో ఉన్నవాళ్లం పుటల లెక్కన ఆగం, ఫారం పూర్తిచేసి ఆగుతాం. ఎవరో తెలియని ఆ మనిషి నా తోటి పనివాళ్లే అని నాకు అప్పుడు తెలిసింది. ఏడో ఫారం ఎందుకు మొదలుపెట్టలేదో తెలియదు.

ఆ రాత్రి పెన్సిలు చెక్కుకుని 97వ పుట తీశాను. మొదటి పేరాలో ఏమీ లేదు. రెండో పేరాలో, కుడివైపు చివర, ‘కల’ అని ఉండవలసిన చోట ‘కళ’ పడింది. నిలువుగా కొట్టి, ఎదురుగా మార్జిన్‌లో ‘ల’ రాసి, పక్కన గీత పెట్టాను.